కల్వర్టుకు ఇవతల

టైరు పంక్చరైతే అయింది, సరిగ్గా ఈ కల్వర్టు ముందే కావాలా అని ఎవరిని అడగను, అడగడానికి టేకు చెట్లు తప్ప ఎవరున్నారిక్కడ. శ్రీను ఊడదీసిన చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని, దారిన పోయే మోటారు సైకిలెక్కి వెనక్కి దుమ్ముగూడెం వెళ్లాడు. స్టెప్నీ ఏదిరా అంటే "ఇంటికాడున్నదక్కా, నిన్న కడిగి ఎండకు పెట్టిన" అన్నాడు. స్టెప్నీని కడిగి ఎండబెట్టే డ్రైవరును నేను పుట్టి ఇంతవరకు చూడలేదు. ఇప్పుడీ ట్రాలీ ఆటో రెండు చక్రాల మీద, ఒక రాతి మీద నిలబడి ఉంది. వెనక చీరల మూటలు, లుంగీలు, తువ్వాళ్లు, దుప్పట్లు. మూటల మీద నేను. ఇప్పగూడెం సంత ఈపాటికి మొదలై ఉంటుంది, ఎండ ముదిరితే కొనేవాళ్లు ఇళ్ల దారి పడతారు, అప్పుడు పోయినా ఒకటే పోకున్నా ఒకటే. ఈ రోజు ఉత్త చేతులతో తిరిగి వెళ్తే మా అన్న ఖాలిద్ ఇంకో మాట వినడు. మా బట్టల షాపు షట్టరు ఓనరుకు అప్పజెప్పి, ఉన్న బట్ట హోల్‌సేలు వాడికి తోసేసి, పాల్వంచ బస్టాండు దగ్గర మొబైల్ కవర్లు అమ్ముకుంటాడు. "ఒక్క సంత సూస్త ఫరహా, ఒక్కటే" అన్నాడు. ఆ ఒక్కటీ ఇదే. మా నాన్న, అబ్బా, అయితే ఆ మాటా అనలేదు, సంతకు పోతానని నేను చెప్పిన రోజు నుంచి నాతో మాట్లాడడమే మానేశాడు. మా ఆయన షిఫ్టు దిగొచ్చి అన్నం తింటూ "పోయి రా, కానీ మీ అబ్బాకు నువ్వే చెప్పుకో, నన్ను నడుమల పెట్టకు" అని చేతులు కడిగేసుకున్నాడు, అన్నం చేతులూ, ఆ చేతులూ కలిపి.

ఫోనులో సిగ్నలు ఒక గీత వస్తుంది, పోతుంది. చేతులు ఊరికే ఉండనంటున్నాయి, మూట ముడి విప్పుతాయి, కడతాయి, మళ్లీ విప్పుతాయి, ఇట్లా లాభం లేదని డబ్బాల ఆట తెరిచాను. నెట్టు లేకపోయినా ఆడుకునేది నా ఫోనులో అదొక్కటే. దాని అసలు పేరేమిటో చిన్నప్పుడు మాకు తెలియదు, కేసెట్టు మీద రాసిన అక్షరాలు చైనావో జపానువో, మేం డబ్బాల ఆట అన్నాం, అదే పేరు. టీవీకి వైరు తగిలించి ఆడే పెట్టె అది. అబ్బా ఖమ్మంలో సరుకు కొనడానికి పోయినప్పుడు కేసెట్టుతో పాటు తెచ్చాడు. తెర మీద ఒక గది, చుట్టూ గోడలు, టోపీ పెట్టుకున్న చిన్న మనిషి, నాలుగు డబ్బాలు, నేల మీద నాలుగు చుక్కలు. మనిషి డబ్బాను నెట్టగలడు, లాగలేడు. ఇంతే ఆట. మొన్న ఉన్నట్టుండి అది గుర్తొచ్చి, పాత టీవీ ఆట, మనిషి డబ్బాలు నెడతాడు అని ఫోనులో కొడితే దొరికింది. దించుకున్నాను, తెరిచాను, అదే గది, అదే టోపీ, నాకు నవ్వాగలేదు. గది పైన మాత్రం ఈసారి చదవగలిగే అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. డబ్బాలన్నిటినీ చుక్కల మీదికి చేర్చండి, తర్వాతి గది తెరుచుకుంటుంది అని. అది చదివి ఫోను బోర్లించి పక్కన పెట్టేశాను. మళ్లీ తెరవడం ఇదిగో ఇప్పుడే.

ఎందుకంటే మాకు ఆ చుక్కలు మందుపాతరలు. అట్లా అని ఎవరు చెప్పారు, ఖాలిద్ చెప్పాడు, నాకంటే పెద్దవాడు, వాడు చెప్పిందే వేదం. ఆ రోజుల్లో మా వైపు పిల్లలకు ఎక్కాలు రాకముందే ఆ మాట వచ్చేది, బస్సులో పెద్దవాళ్ల మాటల్లో, టీ కొట్టు దగ్గర పేపరు చదివేవాళ్ల గొంతుల్లో, అడవి దిక్కు పోయే ఏ రోడ్డు పేరు ఎత్తినా దాని వెనకే వచ్చేది. నేల మీద గుండ్రంగా ఏదైనా కనపడితే ఇంకేమనుకుంటాం. "డబ్బా దాని మీద పడ్డదనుకో, ఢాం" అన్నాడు ఖాలిద్. పడనిచ్చి చూశాం కూడా. డబ్బా చుక్క మీదికి పోగానే ఎర్రగా మారింది! ఇంకేం సాక్ష్యం కావాలి, వాడు "ఢాం" అని అరిచి స్విచ్చి ఆర్పేశాడు, నేను చెవులు మూసుకుని చాప మీద బోర్లా పడ్డాను, వంటింట్లోంచి అమ్మీ "ఏం పోయేకాలం వచ్చింది మీకు" అని కేకేసింది. ఆ తర్వాత ఆట మా ఇష్టం వచ్చినట్టు మారిపోయింది. చుక్కలకు తగలకుండా, వాటి పక్కల నుంచి, ఊపిరి బిగబట్టి డబ్బాలను నాలుగు మూలలకు నెట్టాలి. మూలకు చేరితే డబ్బా క్షేమం. నాలుగూ మూలలకు చేర్చినవాళ్లు గెలిచినట్టు. మా బజారులో ఇంకెవరూ అంత నాజూకుగా ఆడలేరని మాకు గర్వం కూడా ఉండేది. తెర మీద ఏ చప్పట్లూ మోగేవి కావు, ఏ గదీ తెరుచుకునేది కాదు, ఆట అంటే అంతే కాబోలు అనుకున్నాం. అప్పట్లో మాకు తెలిసిన గది ఒక్కటే.

ఎర్రబడితే సరిగ్గా చేరిందని అర్థమట. చూడు ఎంత సిగ్గు పోయిందో. మేం గెలిచిన ప్రతిసారీ పేలిందనుకుని దీపం ఆర్పుకున్నాం.

ఒక బర్రెల మంద కల్వర్టు దాటి వస్తోంది, మెడలో చెక్క గంటలు లొటలొటమంటూ. కాసేవాడు ఎక్కడో వెనక ఎవరినో కోయ మాటల్లో పిలుస్తున్నాడు, నాకు అర్థం కాదు, అబ్బాకు అయ్యేది. అబ్బాకు ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు, సంతలో కోయ, కోపమొస్తే మాత్రం మళ్లీ తెలుగే. బర్రెలు కల్వర్టు మీద ఆగి రోడ్డు మధ్యలోనే పేడ వేసి తీరిగ్గా నడుస్తున్నాయి. వాటికేం తెలుసు. శ్రీనుకూ తెలియదు. పొద్దున బయల్దేరేటప్పుడు ఆ కల్వర్టు దగ్గర కొంచెం నిమ్మళంగా పోనియ్యమంటే "ఏ కల్వర్టక్కా" అన్నాడు. పాతికేళ్లుంటాయేమో వాడికి, అప్పటికి తల్లి చంకలో ఉండి ఉంటాడు. అబ్బా ఆఖరిసారి ఇటు సంతకు వచ్చిన రోజు సంత జీపులు రెండు. ముందు జీపులో సీతయ్య మామ, గిన్నెలమ్మేవాడు, అబ్బాకు జాన్ జిగ్రీ దోస్తు, సంతలో పక్కపక్కన కూర్చునేవాళ్లు. అబ్బా మూట ముందు జీపు మీద పట్టలేదు, పట్టించొచ్చు, కానీ సీతయ్య మామ ఒప్పుకోలేదట. "రసూల్ భాయ్, నీ మూట పడ్డదంటె నా గిన్నెలు సొట్టలు పోతయ్, నువ్వు ఎనక జీపుల రారాదు" అన్నాడట నవ్వుతూ. ఆ నవ్వు సంగతి అబ్బా మాకు ఎన్నడూ ఒక్కచోట కూర్చోబెట్టి చెప్పలేదు, ఏళ్ల తరబడి ఒక్కో ముక్కా బయటపడింది, ఒకసారి జ్వరంలో, ఒకసారి అమ్మీతో గొడవలో. పేలింది ఈ కల్వర్టు కింద. ముందు జీపులో ఉన్నవాళ్లెవరూ మిగల్లేదు. ఎందుకు పెట్టారో, ఎవరి కోసం పెట్టారో, సంత జీపు మీద ఎట్లా పేలిందో, పెట్టినవాళ్లు చెప్పలేదు, అడిగే దమ్మూ ఎవరికీ లేదు. గిన్నెలు మాత్రం రోడ్డు మీద దొర్లుతూనే ఉన్నాయట, చాలాసేపు. అబ్బా వాటిని ఒక్కొక్కటే ఏరి, చీరల మూట విప్పి, చీరల్లో కట్టి తెచ్చి సీతయ్య మామ భార్య మంగమ్మత్తకు అప్పగించాడు. ఆమె వాటిని అమ్మలేదు, వాడుకోలేదు.

ఆ సాయంత్రం అబ్బా ఇల్లు చేరే వేళకు మేం డబ్బాల ఆట ఆడుతున్నాం. మాకు ఇంకా ఏమీ తెలియదు. ఆయన చెప్పులు విప్పి లోపలికి వస్తుంటే, ఖాలిద్ డబ్బా జారి చుక్క మీదికి పోయి ఎర్రబడింది. వాడు గొంతు చించుకుని "ఢాం" అన్నాడు. అబ్బా మమ్మల్ని కొట్టలేదు, తిట్టలేదు. వైరు పీకి, నిదానంగా చుట్టి, పెట్టెనూ కేసెట్టునూ గుడ్డలో కట్టి అటక మీద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. నేను వెళ్లి పక్కన కూర్చుంటే చెయ్యి నా తల మీద వేశాడు, నిద్రపోయేదాకా తీయలేదు. ఆ బరువు నాకు ఇప్పటికీ తెలుస్తుంది, ఇదిగో ఇక్కడ, నడినెత్తిన.

అప్పటి నుంచి అబ్బా ఇటు రాలేదు. మొదట ఈ రోడ్డు ఒక్కటే మానేశాడు. తర్వాత దుమ్ముగూడెమే మానేశాడు. తర్వాత గోదావరి వంతెన దాటడం మానేసి, భద్రాచలంలో ఎవరి పెళ్లి పిలుపొచ్చినా అమ్మీనే పంపించాడు. ఇప్పుడు ఆయన లోకమంతా షాపు, మసీదు, ఇల్లు. ఎవరైనా అడిగితే "ఇక్కడ మంచిగున్న" అంటాడు. ఏం మంచిగ? కొనేవాళ్లు ఫోనులో చీరలు చూసి ఇంటికే తెప్పించుకుంటున్నారు, మా షాపు ముందు బస్సు కోసం నిలబడేవాళ్లు నీడకు నిలబడతారు తప్ప లోపలికి రారు, అబ్బా మాత్రం పొద్దున్నే మడతలు విప్పి మళ్లీ అవే మడతలు పెడతాడు. ఆయన మీద నాకు ఎంత ప్రేమో అంత కోపం. బతికొచ్చినవాడు కదా, బతకొద్దా? మాకూ అదే నేర్పాడు, అటు పోవద్దు, ఇటు పోవద్దు, గమ్మున ఉండండి. నేను పదో తరగతిలో భద్రాచలం హాస్టల్లో సీటొచ్చినా పోలేదు, నర్సు ట్రైనింగుకు పిలిచినా పోలేదు, పోవద్దని ఎవరూ తలుపుకు అడ్డం నిలబడలేదు, నాకు నేనే ఆగిపోయాను. అడవి దిక్కు ఊళ్లలో ఇప్పటికీ చెయ్యి పెట్టి గుడ్డ తడిమి చూసి, అంచును ఉమ్మితో తడిపి రంగు పోతుందో లేదో రుద్ది చూసి కొనే ఆడవాళ్లున్నారు, వాళ్లకు ఫోనులో బొమ్మ చూపిస్తే నవ్వుతారు, అక్కడికి మనం పోవాలి అని నేనంటే ఖాలిద్ అబ్బా మొహం చూశాడు, అబ్బా గోడ మొహం చూశాడు. నాకూ భయమే. లేదని ఎవరన్నారు. టైరు తుస్సుమన్నప్పుడు ఆ శబ్దానికి రెండు చెవులూ మూసుకున్నాను, శ్రీను చూడలేదు కాబట్టి సరిపోయింది.

సరే, నెట్టు. టోపీ మనిషిని డబ్బా వెనక నిలబెట్టాను. చుక్క పక్క గడిలోనే ఉంది, ఒక్క నెట్టు. బొటనవేలు కదలదే! ముప్పై దాటినదాన్ని, పిల్లతల్లిని, గాజు తెర మీద గోరంత చుక్కకు జంకుతున్నాను, ఎవరైనా చూస్తే నవ్వుతారు, చూసేవాళ్లు లేరు కదా అని నెట్టాను. ఎర్రబడింది. ఏమీ కాలేదు. బర్రె గంటలు దూరంగా వినపడుతున్నాయి, టేకు ఆకు ఒకటి రాలి మూట మీద పడింది, అంతే. డబ్బా తన చోట తను ఎర్రగా, నిక్షేపంగా ఉంది. ఊపొచ్చి రెండోది నెట్టబోతే అక్కడ చిక్కింది. చుక్కలు నాలుగూ ఒక సందులో వరసగా ఉన్నాయి, నేను మొదటి డబ్బాను సందు మొదట్లో ఉన్న చుక్క మీద పెట్టేసి లోపలికి దారి మూసేశాను. చుట్టూ తిప్పాను, గోడకు ఆనించాను, అలవాటుగా ఒకదాన్ని మూలకు నెట్టాను, అప్పుడు తెలిసింది, మూలకు పోయిన డబ్బా ఇక రాదు. వెనక నిలబడి నెట్టడానికి చోటే ఉండదు. మేం క్షేమం అనుకున్న చోటు అది, అక్కడికి చేరితే ఆట అయిపోయినట్టే. పళ్లు కొరికి మొదటి నుంచి మొదలుపెట్టాను. మళ్లీ చిక్కింది, మళ్లీ మొదలు. మొండిదానివే అంటుంది అమ్మీ, మొండిదాన్నే. ఈసారి నెట్టకుండా కాసేపు ఊరికే చూశాను, మూటల బండి సర్దేటప్పుడు చూసినట్టు, ఏది చివర దించాలో అది లోపల పెట్టాలి కదా. మొదటి చుక్క మీద ఆగకూడదు. డబ్బా దాని మీదికి పోయి ఎర్రబడుతుంది, పడనీ, అక్కడ ఆపకుండా ఇంకా నెట్టాలి, రెండో చుక్క దాటి, మూడోది దాటి, చివరిదాకా. ఎర్రబడుతుంది, మామూలవుతుంది, మళ్లీ ఎర్రబడుతుంది. ఒకటి లోపలికి. దాని వెనక ఇంకొకటి. దాని వెనక ఇంకొకటి. ఆఖరుది సందు మొదట్లో. నాలుగూ ఎర్రబడి, గది ఒక్కసారి మెరిసి, పోయింది.

రెండో గది. ఇది ఉందని మాకు తెలియదు. ఖాలిద్‌కు తెలియదు, అబ్బాకు అసలే తెలియదు, ఇన్నేళ్లూ ఇది ఇక్కడే ఉంది. మొదటి దానికంటే పెద్దది, గోడలు వంకర టింకర, డబ్బాలు ఎక్కువ. నాకు ఏడుపొచ్చింది. ఆటకు ఎవరైనా ఏడుస్తారా, నేను ఏడ్చాను, కొంగుతో ముక్కు తుడుచుకుని ఫోను చేతి సంచిలో వేశాను. ఆ గది ఇప్పుడు కాదు, తర్వాత.

అటు నుంచి ఒక బొలెరో వచ్చి ఆగింది, తునికాకు కాంట్రాక్టరుదో ఏమో, డ్రైవరు తల బయట పెట్టి "ఏమైందమ్మా, ఒక్కదానివే ఉన్నవ్, ఖాళీ బండే, మూటలేసుకో, భద్రాచలంల దింపుత" అన్నాడు. మంచివాడే, మొహం చూస్తే తెలుస్తుంది. ఎండ నెత్తికెక్కుతోంది, శ్రీను జాడ లేదు, మూటలు ఎక్కించుకుంటే ఎవరూ నన్ను తప్పు పట్టరు, పంక్చరైంది, ఏం చేస్తాం అంటే ఖాలిద్ కూడా ఊ కొడతాడు, అబ్బా లోపల్లోపల అల్లాకు మొక్కుకుంటాడు, షట్టరు దిగుతుంది, అందరం క్షేమంగా మూల కూర్చుంటాం. సరే అన్న మాట నా నోట్లో అప్పటికే తయారై ఉంది, మింగేశాను. "వద్దన్నా, నేను అటు పోవాలె" అన్నాను, చెయ్యి కల్వర్టు దిక్కు చూపిస్తూ. బండి వెళ్లిపోయింది. దాని దుమ్ము తగ్గేసరికి అందులోంచి ఎవరిదో మోటారు సైకిలు వెనక శ్రీను, చక్రం ఒళ్లో, పళ్లన్నీ బయటపెట్టి. "పంక్చరు షాపు బందున్నదక్కా, ఇంటికి పోయి లేపి ఏపిచ్చుకొచ్చిన" అని, చక్రం బిగించడానికి కూర్చున్నాడు.

అప్పుడు ఫోను మోగింది. అబ్బా. ఇన్ని రోజుల తర్వాత.

"ఏడున్నవ్?"

అబద్ధం చెప్పొచ్చు. దుమ్ముగూడెంలో టీ తాగుతున్నాం అనొచ్చు. "కల్వర్టు కాడ అబ్బా. టైరు పంక్చరైంది" అన్నాను. అటు షాపులో ఫ్యాను కిర్రుమంటోంది, బస్సు హారను కొట్టింది, ఆయన ఊపిరి. సిగ్నలు పోయిందేమోనని చూశాను, ఉంది.

"ఇవతలనా, అవతలనా?"

"ఇవతల."

 శ్రీను లేచి చేతులు దులుపుకుని ఎక్కమన్నాడు. నువ్వు వెనక రా అని సైగ చేసి, ఫోను చెవి దగ్గర పెట్టుకునే నడిచాను.  కొత్త సిమెంటు, పసుపు రంగు గీతలు, బర్రెల పేడ, కింద ఎండిన వాగు, ఎవరో ఉతికి రాళ్ల మీద ఆరేసిన లుంగీ. మధ్యలో ఒక్క క్షణం ఆగాను. సీతయ్య మామను తలుచుకున్నాను. మళ్లీ నడిచాను.

"దాటిన అబ్బా."

"ఏమున్నదక్కడ?"

"రోడ్డు మంచిగేసిన్రు. కరెంటు స్తంభాలున్నయ్. ఇద్దరు ఆడపిల్లలు సైకిలు మీద పోతున్నరు, బడికో సంతకో. ఇంకేం లేదబ్బా."

అటు ముక్కు చీదిన చప్పుడు వినపడింది. ఏడుస్తున్నాడని అర్థమైంది, అడగలేదు. వెనక ట్రాలీ కల్వర్టు మీదికి ఎక్కింది. అప్పుడు గొంతు సవరించుకుని, బేరం మొదలుపెట్టినట్టు, గట్టిగా అన్నాడు:

"సంతల బోరింగు పక్కన, ఎండ దిక్కు, నా జాగ. నీడల కూసోకు, చీర రంగు ఎండలనే తెలుస్తది. ఎవరన్న కూసున్నరా ఆడ?"

"ఇంకా పోలేదబ్బా."

"పో మరి. ఎవరన్న కూసుంటే మర్యాదగ లేపు. గులాం రసూల్ బిడ్డ వచ్చిందని చెప్పు."